ఇంటి పన్నీరు



నేడు నేను పన్నీరును గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిని. ఈ కాలపు పిల్లలతో పన్నీరు అన్నచో, పాలు విరిచి గడ్డకట్టించిన కూరవస్తువును తలంతురు. నేను చెప్పునది అది కాదు. పెండ్లిపందిటి ద్వారమున నిలిచి, వచ్చిన బంధువులపై వెండిబుడ్డితో చిలకరించు గులాబినీటిని గూర్చి చెప్పుచున్నాను. పెద్దలగు మీకు ఈ భేదము చెప్పనక్కఱలేదు. మీ మనుమలకు మీరే చెప్పవలసియుండును.

పన్నీరు మన యూళ్లలో అందఱెఱిగినదే. దేవుని యభిషేకమునకు అది కావలెను. దర్గాలో ఉరుసునాడు కావలెను. పెండ్లిలో గంధముతోపాటు కావలెను. కొందఱి యిండ్లలో పాయసమునందు ఒక చెంచా పడును. ఇంతగా వాడుకలోనున్న ఈ వస్తువు ఎట్లు పుట్టునో యెఱిగినవారు మాత్రము తక్కువ. పుట్టుక తెలియనివారికి ఏది నిజమైన సరకో, ఏది కల్లసరకో తెలియదు. ఎక్కడ వాడవచ్చునో, ఎక్కడ వాడరాదో అంతకంటెను తెలియదు. కావున మూడు సంగతులు మనవి చేసెదను. మొదటిది, పన్నీరు అనగా ఏమి యనునది. రెండవది, వంటయింటి పాత్రలతోనే దానిని చేసికొను విధము. మూడవది, దానిని ఎక్కడ వాడరాదు అనునది. ఈ మూడవ సంగతి పసిపిల్లల చూపునకు సంబంధించినది. కావున ప్రసంగమును తుదివఱకు ఆలకింప ప్రార్థించుచున్నాను.

ముందుగా పేరును విచారింతము. గులాబి యను మాట పారసీకభాషనుండి మనకు వచ్చినది. ఆ భాషలో గుల్ అనగా పువ్వు, ఆబ్ అనగా నీరు. ఆ రెండును కలిసి గులాబ్ అయినది. అనగా ఆ పదమునకు అసలైన యర్థము పువ్వు కాదు, పూనీరు. ఇరాను దేశమున నేటికిని ఆ మాటకు పన్నీరనియే యర్థము. మన దేశమున నీటి పేరు పువ్వునకు సంక్రమించినది. సంస్కృత వైద్యగ్రంథములలో ఈ పువ్వును శతపత్రి యనియు, తరుణి యనియు పిలిచిరి.

ఇక పన్నీరు అనగా ఏమి? చాలమంది గులాబిరేకులను నీటిలో నానవేసియో, ఉడకబెట్టియో, ఆ యెఱ్ఱని నీటిని వడకట్టి పన్నీరు అనుకొందురు. అది కషాయమే కాని పన్నీరు కాదు. కషాయమునందు పువ్వులోని రంగును, వగరును, పసరును అన్నియు నుండును. అది రెండుమూడు నాళ్లలో పులిసిపోవును. నిజమైన పన్నీరు నీటివలెనే తెల్లగా, తేటగా నుండును. దానిలో పువ్వుయొక్క రంగు లేశమును ఉండదు, వాసన మాత్రమే యుండును. ఏలయన అది ఆవిరిద్వారమున వచ్చినది.

నేను బడిలో పాఠము చెప్పు దినములలో ఈ ధర్మమును పిల్లలకు ఇట్లు చూపుచుంటిని. గిన్నెలో నీరు పోసి, గుప్పెడు ఉప్పును చిటికెడు పసుపును కలిపి, పొయ్యిమీద పెట్టి, మరుగుచుండగా పైన చల్లని పళ్లెమును ఏటవాలుగా పట్టుదును. పళ్లెమున చేరిన ఆవిరి బొట్లుగా మాఱి క్రిందనున్న లోటాలో పడును. ఆ నీటిని పిల్లలను రుచి చూడుమందును. అందులో ఉప్పును లేదు, పసుపును లేదు. ఉప్పు పసుపు గిన్నెలోనే నిలిచిపోయినవి. దీనినే నేటి శాస్త్రపుస్తకములలో స్వేదనము అనుచున్నారు. మన వైద్యులు ఈ విధముగా తీసిన ద్రవమును అర్కము అనిరి. అజీర్తికి మన పెద్దలు వాడిన వాము అర్కము ఇట్టిదే.

కాని గులాబి విషయమున ఒక విశేషము కలదు. ఉప్పు రాలేదు, పసుపు రాలేదు, మఱి వాసన ఎట్లు వచ్చినది? పువ్వు వాసన యనునది ఒక్క పదార్థము కాదు, అనేక పదార్థముల కూర్పు. అవి యన్నియు గాలిలోనికి ఎగిరిపోవు స్వభావము కలవి. కాకపోయినచో దూరమున నున్న మన ముక్కునకు పువ్వు వాసన తగులనే తగులదు. వానిలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు అనునది ముఖ్యము. పేరులో ఆల్కహాలు అని యున్నను అది సారాయి కాదు. అది నీటిలో కొంతవఱకు కరగును. పన్నీటి పరిమళమునకు అదియే ప్రధానాధారము. దానిని ఒంటిగా కాచినచో సుమారు 220 డిగ్రీల వేడి తగిలినగాని మరుగదు. అయినను నీటితో కలిసియున్నప్పుడు, నీరు మరుగు 100 డిగ్రీల వేడికే, ఆవిరి దానిని తనతో తీసికొనిపోవును. పడవ నడుపుట యెఱుగనివాడును ఎఱిగినవాని పడవలో ఏరు దాటినట్లు, వాసన ఆవిరి పడవలో దాటి వచ్చుచున్నది. ఉప్పు ఆ పడవ నెక్కలేదు, రంగు ఎక్కలేదు. పన్నీటి మర్మమంతయు ఇంతే.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. రసరత్నసముచ్చయమను గ్రంథమున తిర్యక్పాతనయంత్రము చెప్పబడినది. తిర్యక్ అనగా అడ్డముగా, పాతనము అనగా పడవేయుట. ఒక కుండను పొయ్యిపై నుంచి, దాని మూతినుండి వాలుగా ఒక గొట్టమును మఱియొక కుండలోనికి అమర్చి, ఆ రెండవ కుండను నీటితో చల్లబఱచుట ఆ యంత్రస్వరూపము. ఉత్తరప్రదేశమునందలి కన్నౌజు పట్టణమున అత్తరు చేయువారు నేటికిని ఇట్టి యంత్రముతోనే పని చేయుచున్నారు. వారు పెద్ద రాగికాగును డేగు అందురు. గొట్టమును చోంగా అందురు, అది వెదురుతో చేసినది. నీటితొట్టిలో మునిగియుండు రెండవ పాత్రను భప్కా అందురు. అతుకులను బంకమట్టితో మూయుదురు. తొట్టినీరు వేడెక్కినకొలది క్రొత్తనీరు పోయుచుందురు. మంటను ఎక్కించుట తగ్గించుట యంతయు అనుభవజ్ఞుడైన పనివాని చేతిలోని విద్య. అత్తరు కావలసినప్పుడు భప్కాలో ముందుగా చందనతైలము నుంచుదురు, వాసన దానికి పట్టును.

ఇరానునందలి కాషాను పట్టణప్రాంతమున కంసరు అను ఊరు పన్నీటికి పేరుపొందినది. అచ్చట వసంతాంతమున, మే మాసప్రాంతమున, పూవులు కోసి ఇంటింట పన్నీరు తీయుట ఒక పండుగవలె జరుగును. మన దేశమున రాజస్థానమునందలి హల్దీఘాటీ ప్రాంతపు గులాబిని చైత్రి గులాబి యందురు. చైత్రమున పూచుటచేత దానికి ఆ పేరు. ఈ పనులన్నిటికి మూలమైన గులాబిని శాస్త్రజ్ఞులు డమాస్కు గులాబి అని పిలుతురు.

పన్నీటి ప్రసంగమున అత్తరు కథ తప్పక వచ్చును. గులాబి అత్తరును కనిపెట్టినది నూర్జహాను అని లోకులు చెప్పుకొందురు. కాని 1605 మొదలు 1627 వఱకు రాజ్యము చేసిన జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో, ఆ కీర్తి నూర్జహాను తల్లియగు అస్మత్ బేగమునకు చెందినదని వ్రాసికొన్నాడు. ఆమె పన్నీరు తీయించుచు, వేడిగా నున్న దానిని పళ్లెములలో పోయించినప్పుడు, పైన ఒక జిడ్డుపొర తేలుట గమనించినదట. దానిని కొంచెము కొంచెముగా తీసి కూడబెట్టినదట. దానికి సలీమా సుల్తాను బేగము జహంగీరు అత్తరు అని పేరు పెట్టినదనియు, పాదుషా అస్మత్ బేగమునకు ముత్యాలహారము బహూకరించెననియు అందు కలదు. నిత్యము ఇంటిలో జరుగు పనిని కన్ను తెఱచి చూచుటవలన ఆమెకు లభించిన ఫలమిది.

ఈ కథ విని మీ యిండ్లలో అత్తరు తీయుదమని ఆశపడకుడు. ఒక కిలో గులాబినూనెకు 3,000 నుండి 4,000 కిలోల పూవులు కావలెను. ఈ లెక్కను బట్టి పావుకిలో రేకులలో నుండు నూనె ఒకటి రెండు బొట్లకు మించదు. పన్నీటి సంగతి వేఱు. పావుకిలో రేకులతో ఇంటికి చాలినంత పన్నీరు చక్కగా వచ్చును.

ఇక చేయు విధానము. మొదట పువ్వును ఎన్నుకొనవలెను. పట్టణపు దుకాణములలో పొడుగైన కాడలతో కట్టలుగా అమ్ము గులాబులలో తఱచుగా వాసన యుండదు. వానిని పెంచువారు పది దినములు వాడకుండుటను, దూరప్రయాణమునకు ఓర్చుటను చూచిరి గాని పరిమళమును చూడలేదు. ముక్కునకు వాసన లేని పువ్వునుండి ఏ యంత్రమును వాసన తీయజాలదు. మనకు కావలసినది లేతగులాబిరంగున వదులైన రేకులతో గుత్తులుగా పూయు నాటు గులాబి. దానినే కొందఱు పన్నీరు గులాబి యందురు. ఎడ్వర్డు గులాబియు మంచిదే. మొక్క కావలసినవారు కడియము ప్రాంతపు నర్సరీలలోనో, సమీపమునందలి తోటలలోనో వాసన చూచి మఱి తెచ్చుకొనవలెను. పెరటిలో ఎండ తగులు చోట నాలుగు మొక్కలున్నచో ఇంటికి చాలును.

ఇచ్చట ఒక నియమము దృఢముగా చెప్పుచున్నాను. అంగడిలో కొన్న పూవులు, దండలలోని పూవులు, దేవునికి పెట్టి తీసిన నిర్మాల్యము పన్నీటికి పనికిరావు. నిర్మాల్యమును వృథా చేయరాదను మీ భావము మంచిదే. కాని అమ్మకపు తోటలలో పురుగుమందులు చల్లుదురు. వానిలో కొన్ని ఆవిరితోపాటు ఎగిరి పన్నీటిలోనికి రాగలవు. కడిగినంతమాత్రమున అవి యన్నియు పోవు. మీరు పెంచిన మొక్కయో, మందు చల్లలేదని మీకు నిశ్చయముగా తెలిసిన మొక్కయో కావలెను. నిర్మాల్యమును చెట్టు మొదట వేసినచో ఎరువగును.

పూవులను తెల్లవారుజామున, ఎండ రాకముందే కోయవలెను. ప్రొద్దెక్కినకొలది వాసన గాలిలో కలిసిపోవును. కోసిన తరువాత తొడిమలను, ఆకుపచ్చని రక్షకపత్రములను తీసివేసి రేకులు మాత్రము గ్రహించి, చల్లని నీటిలో ఒక్కమాఱు ముంచి తీయవలెను. పిసుకరాదు. ఆనాడే వాడవలెను.

పాత్రల విషయము. ఆఱేడు లీటర్లు పట్టు వెడల్పైన స్టీలుగిన్నె యొకటి. దాని నడుమ నుంచుటకు సుమారు మూడంగుళముల యెత్తు గల స్టీలుకుదురు ఒకటి. కుదురు లేనివారు చదునైన నున్నని రాతిని బాగుగా తోమి, నీటిలో మరిగించి వాడుకొనవచ్చును. ఆ కుదురుపై నుంచుటకు అరలీటరు పట్టు చిన్నగిన్నె యొకటి. పైన మూయుటకు నడుమ లోహపు బొడిపెయున్న గుంట మూత యొకటి. అల్యూమినియము పాత్రలు వలదు. రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి చెడకుండ ఉండవలెను. ఆ కళాయిలో సీసము కలిసినచో విషము. ఆ నిశ్చయము లేనప్పుడు స్టీలే క్షేమము.

పెద్దగిన్నె నడుమ కుదురు నుంచి, చుట్టును పావుకిలో రేకులు పఱచి, లీటరున్నర మంచినీరు పోయవలెను. నీరు కుదురు పైయంచును దాటరాదు. దాటినచో చిన్నగిన్నె తేలి ఒరిగిపోవును. కుదురుపై చిన్నగిన్నెను ఖాళీగా నుంచవలెను. తరువాత మూతను వెల్లకిల వేయవలెను. అనగా బొడిపె లోపలికి, చిన్నగిన్నెకు నేరుగా పైన రావలెను. గిన్నెకును మూతకును నడుమ సందున్నచో గోధుమపిండి ముద్దతో మూయవలెను. వెల్లకిలనున్న మూతలో చల్లని నీరో, మంచుగడ్డలో నింపవలెను. గుంట మూత లేనివారు గుండ్రని యడుగుగల స్టీలుమూకుడును నీటితో నింపి గిన్నెపై కూర్చుండబెట్టవచ్చును.

ఇప్పుడు ఏమి జరుగునో ఊహింపుడు. క్రింద నీరు మరుగును. ఆవిరి రేకుల వాసనను తీసికొని పైకి పోవును. చల్లని మూతకు తగిలి బొట్లగును. బొట్లు మూతవాలునబడి బొడిపెకు జాఱి, అచ్చటినుండి చిన్నగిన్నెలో పడును. కన్నౌజువారి డేగు, చోంగా, భప్కా మూడును ఇచ్చట ఒక్క గిన్నెలో ఇమిడియున్నవి.

నేను మొదటిమాఱు మా అరుగుమీద కుంపటిపెట్టి, గిన్నెకు పిండి మెత్తి, తడిగుడ్డతో కూర్చుండగా, దారిన పోవు మిత్రుడొకడు నిలిచి, “పంతులుగారూ, ఈ వయసులో మీరు బట్టీ పెట్టినారా?” అని అడిగెను. యంత్రము ఒకటే, లోపల వేయు వస్తువులోనే భేదమని చెప్పి, సాయంకాలము ఒక చెంచా పన్నీటిని ఆయన చేతిలో పోసితిని.

మంటను గూర్చి జాగ్రత్త వహింపవలెను. నీరు మరగువఱకు నడిమి మంట, మరిగిన తరువాత సన్నని సెగ. మంట పెద్దదైనచో లోపలి యెఱ్ఱనీరు ఎగిసి చిన్నగిన్నెలో పడును. పన్నీటికి రంగు వచ్చినదన్నచో అది ఎగిసిపడిన కషాయమే యని గుఱుతింపుడు. మూతలోని నీరు వేడెక్కినప్పుడెల్ల గరిటెతో తోడివైచి చల్లనినీరు పోయవలెను. ఈ పనిలో సోమరితనము పనికిరాదు. పై భాగము చల్లగా లేనిచో ఆవిరి సందులనుండి పోవును, వాసన వీథిపాలగును. ఆవిరి చేతులను కాల్చును గనుక పిల్లలను దూరముగా నుంచవలెను.

నీరు మరిగినదాది సుమారు ముప్పావుగంటలో 300 మిల్లీలీటర్లకు అటునిటుగా పన్నీరు దిగును. అంతటితో ఆపవలెను. ఇంకను రేకులున్నవి, ఇంకను నీరున్నది, ఇంకొక గంట కాచినచో రెట్టింపు వచ్చునను లోభము వలదు. మంచి వాసన మొదటనే వచ్చును. తరువాత వచ్చునది ఉడికిన ఆకుల కంపుతో కూడిన వట్టినీరు. అది కలిసినకొలది ముందు వచ్చినదియు చెడును. మఱియు గిన్నెలో నీరు ఇంకిపోయి రేకులు మాడినచో అంతయు పాడగును. పొయ్యి ఆర్పి, మూత తీయక, పూర్తిగా చల్లాఱనీయవలెను. వేడిగా నున్నప్పుడు తెఱచినచో చేయి కాలుటయేగాక వాసనయు పోవును. అప్పుడే తీసిన పన్నీటిలో కొంచెము ఉడుకువాసన యుండును. ఒకటి రెండు దినములు సీసాలో నిలిచిన తరువాత పువ్వు వాసన నిలకడగా తెలియును.

నిలువచేయుటకు గాజుసీసా కావలెను. సీసాను బిరడాతో కూడ పదినిమిషములు నీటిలో మరిగించి ఆఱబెట్టి, మెడవఱకు నింపి మూయవలెను. చిన్న చిన్న సీసాలైనచో మేలు, తెఱచినది త్వరగా అయిపోవును. ఫ్రిజ్జులో రెండు మూడు వారములు నిలుచును. బయట నుంచినచో నాలుగైదు దినములకంటె నమ్మరాదు. మబ్బుపట్టినట్లున్నను, దారములవంటివి తేలినను, పులుపువాసన వచ్చినను పాఱబోయవలెను. గిన్నెలో మిగిలిన రేకులు చల్లాఱిన పిమ్మట చెట్ల మొదట వేయవచ్చును.

ఒకమాఱు చేసి చూచినవారికి అంగడిసరకు తత్త్వము తెలియును. గులాబిరంగుగల సీసా చూడగానే, ఆవిరిలో రంగు రాదు గదా, ఈ రంగు ఎక్కడిది అని అడుగగలరు. ఒక పెండ్లిలో అంగడినుండి తెచ్చిన పన్నీరు చల్లినప్పుడు పెద్దల తెల్లని ఉత్తరీయములపై చుక్కలు చుక్కలుగా మచ్చలు పడుట నేను చూచితిని. పువ్వు ఆ మచ్చను వేయలేదు, కలిపిన రంగు వేసినది. మఱియొక పరీక్ష కలదు. శుభ్రమైన పళ్లెమున ఒక చెంచా పన్నీరు పోసి ఆఱనీయుడు. నిజమైనది ఏమియు మిగులకుండ ఆఱిపోవును. జిగురుగాని పొరగాని మిగిలినచో మఱేదియో కలిపిరన్నమాట. ఐతే వట్టినీటిలో కృత్రిమపు వాసనమాత్రము కలిపినచో ఈ పరీక్షకు దొరకదు. కావున కొనునప్పుడు చీటిని చదువవలెను. పైపూతకు మాత్రమే యని వ్రాసియున్నదానిని పాయసములోగాని షర్బత్తులోగాని వాడరాదు.

ఇక మూడవ సంగతి. కండ్లు మండినను, ఎఱ్ఱబడినను పన్నీటిచుక్క వేయుట మనలో చాలకాలముగా నున్న అలవాటు. ఆ అలవాటును మాన్పుడని మిమ్ము వేడుటకే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మా వీథిలోని ఒక పెద్దమ్మ మనుమనికి నాలుగేండ్లు. ఆ బాలునికి కండ్లకలక వచ్చినది. ఆమె పెరటిగులాబులతో తానే కాచిన నీటిని రెండు పూటలు వాని కండ్లలో వేసినది. మూడవనాటికి ఱెప్పలు వాచి, వాడు వెలుగు చూడలేక ఏడువసాగెను. పట్టణమునందలి కంటివైద్యునియొద్దకు తీసికొనిపోయిరి. నల్లగ్రుడ్డుమీద పుండు మొదలైనదని ఆయన చెప్పి, వారములకొలది మందు వేయించి చూపు నిలిపెను. ఆ పెద్దమ్మ నాతో, “పంతులుగారూ, ఇంట్లో చేసినదే గదా, ఏ మందూ కలపలేదు గదా, ఇందులో హాని యెక్కడనుంచి వచ్చింది?” అని కన్నీరు పెట్టినది.

ఆమె ప్రేమలో లోపము లేదు. తెలియనిది ఒక్కటే. చెడకుండ నిలిపెడి మందు ఏదియు కలపలేదు గనుకనే ఇంటినీటిలో సూక్ష్మక్రిములు సులభముగా పెరుగును. ఆవిరి వేడిగా వచ్చినను, అది పడిన గిన్నె, పోసిన సీసా, ముంచిన దూది, తాకిన వ్రేలు అన్నియు క్రిములకు దారులే. చర్మమునకు దిట్టమైన కవచము కలదు. కంటి నల్లగ్రుడ్డుపైనున్న తేటపొర మిక్కిలి సుకుమారము. అది పుండైనచో, మానిన తరువాతకూడ తెల్లని మచ్చ నిలుచును. మన పెద్దలు దానినే కంటిలో పువ్వు వేసినదందురు. తోటలోని పువ్వు తోటలోనే యుండవలెను గాని పిల్లవాని కంటిలో పూయరాదు. కంటిలో వేయు మందులను క్రిములు లేకుండ ప్రత్యేకముగా తయారుచేసి మూయుదురు. అట్టివానినైనను వైద్యుడు చెప్పినగాని వేయరాదు. కావున ఇంటిలో చేసినదైనను, అంగడిలో కొన్నదైనను, ఎంత వెల యిచ్చినదైనను, పన్నీటిని కంటిలో వేయరాదు. చెవిలో వేయరాదు. పుండ్లపై పోయరాదు. కన్ను ఎఱ్ఱబడి నొప్పి పెట్టినను, చూపు మసకైనను, వెలుగు చూడలేకపోయినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

ఇన్ని చోట్ల వలదన్నచో పన్నీరు ఇక ఎందులకు అని అడుగుదురేమో. దాని చోటు దానికి పదిలముగా నున్నది. పెండ్లికి వచ్చినవారిని చల్లగా పలుకరించుటకు అది చాలును. అభిషేకమునకు చాలును. గంధము తీయునప్పుడు సానపై రెండు చుక్కలు వేసికొనవచ్చును. శుభ్రముగా చేసిన ఇంటిపన్నీటిని పాయసములో దించిన తరువాత ఒక చెంచా కలుపవచ్చును. మరుగుచుండగా కలిపినచో వాసన ఎగిరిపోవును. వేసవిలో సబ్జాగింజల పానకమునకు అది రుచిని తెచ్చును.

గ్రామములందలి పెద్దలారా, మీ మాట ఇంటిలో చెల్లును. పసివాని కంటికి పన్నీరు వేయుదమా యని కోడలు అడుగునది మిమ్మునే. వలదు, వైద్యునికి చూపుదమని మీరొక్కమాట చెప్పినచో, పట్టణమునుండి వచ్చినవారు పది ఉపన్యాసములు చేసినదానికంటె ఎక్కువ పని జరుగును. రానున్న పూలకాలమున ఒక ఉదయము మనుమలను, మనుమరాండ్రను పొయ్యియొద్ద కూర్చుండబెట్టుకొని, పావుకిలో రేకులతో ఈ పని చేసి చూపుడు. ఎఱ్ఱని పువ్వునుండి తెల్లని నీరు ఎట్లు వచ్చెనని వారడిగినప్పుడు కారణము చెప్పుడు. తమ కండ్లతో చూచినవారు అంగడిలో రంగునీటికి మోసపోరు. ఆవల తమ బిడ్డల కండ్ల విషయమునను పొరపడరు.